రాతి మీద అలలు, ఇసుకలో చెలమ

గండికోటకు పోయి పావుగంటలో తిరిగొచ్చేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఎంతో దూరం నుంచి కార్లేసుకుని వస్తారు, లోయ అంచున నిలబడి నాలుగు ఫోటోలు తీసుకుంటారు, పిల్లలు ఇంకా కారు దిగి ఒళ్ళు విరుచుకోకముందే 'ఎండెక్కుతోంది, పదండి పదండి' అంటారు. మేమూ మొదటిసారి అట్లే చేసినాం కాబట్టి ఎవరినీ తప్పు పట్టడం లేదు. కానీ కడప జిల్లాలో పుట్టి, పెన్నేటి నీళ్ళు తాగి పెరిగి, ఈ కొండల్లో పిల్లల చెయ్యి పట్టుకుని నడవకపోతే ఎట్లా అని ఒకరోజు గట్టిగా అనిపించింది. అప్పటినుంచి రెండేళ్ళుగా, చలికాలంలో నెలకు ఒకటో రెండో ఆదివారాలు ఇంటిల్లిపాదీ నడకకు పోతున్నాం. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ళ పెద్దోడు, ఐదేళ్ళ పాప, డెబ్బై దాటిన మా అత్త.

అత్తను ఎందుకు తీసుకుపోతున్నారు, ఆమెకు ఇబ్బంది కదా అని చాలామంది అడిగారు. నిజానికి ఆమె ఉండబట్టే మా నడకలు నడకల్లా ఉన్నాయి. ఐదేళ్ళ పిల్ల నడిచే వేగమూ డెబ్బై ఏళ్ళ మనిషి నడిచే వేగమూ ఒకటే. పది అడుగులు వేస్తారు, ఆగుతారు, ఏదో ఒకటి చూస్తారు. మా ఇద్దరికీ మొదట్లో ఓపిక ఉండేది కాదు, ఎప్పుడు చేరతామా అన్నట్టుండేది. ఇప్పుడు చేరాల్సిన చోటంటూ ఏదీ పెట్టుకోవడం లేదు. రెండు కిలోమీటర్లు, మహా అయితే మూడు. అంతే.

గండికోట సంగతికొస్తే, జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు ఉంటుంది. ఎర్రమల కొండలను పెన్న నిట్టనిలువునా కోసుకుంటూ పోయిన చోటు. ఆ గండి పక్కన కట్టిన కోట కాబట్టే గండికోట. తెల్లారేసరికి అక్కడుండాలి, అంటే మేం నాలుగున్నరకే లేస్తాం, పిల్లలను నిద్రలోనే ఎత్తుకుని కారులో పడుకోబెడతాం. కోట వాకిలి దాటినాక ఊరుంది, మనుషులు కాపురముంటున్న ఊరు, కాబట్టి హారన్లు కొట్టకుండా మెల్లగా పోవడం మర్యాద. అక్కడినుంచి నడక మొదలుపెట్టి, జామియా మసీదు, దాని దగ్గరి కత్తుల కోనేరు, పెద్ద ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి గోపురం చూసుకుంటూ, రంగనాథస్వామి గుడి మీదుగా లోయ వైపు పోతే పిల్లలతో తీరిగ్గా రెండు గంటలు పడుతుంది. యుద్ధాల నుంచి వచ్చినవాళ్ళు కత్తులు కడిగితే ఆ కోనేటి నీళ్ళు ఎర్రబడేవని చెప్పుకుంటారు. మా పెద్దోడికి ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా చాలదు. పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. తర్వాత గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి చిక్కింది. 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి రత్నాల వ్యాపారి ఆ మీర్ జుమ్లాను కలవడానికి ఇక్కడిదాకా వచ్చినాడు. అప్పట్లో ఇక్కడ ఎంత సందడి ఉండిందో ఊహించుకుంటూ ఆ ఖాళీ ధాన్యాగారంలో నిలబడితే, మన గొంతే మనకు తిరిగి వినిపిస్తుంది. పాప అక్కడ తన పేరు తాను పిలుచుకుంటూ పది నిమిషాలు గడిపింది.

లోయ అంచున మాత్రం ఒక్క మాట గట్టిగా చెప్పాలి. చాలా చోట్ల కంచె లేదు, కింద మూడు వందల అడుగుల లోతు. పెద్ద పెద్ద బండలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి, మధ్యలో సందులుంటాయి, పొద్దున్నే మంచుకు జారతాయి కూడా. మేం ముందే నిర్ణయించుకున్నాం: అంచుకు పది అడుగుల ఇవతలే కూర్చుంటాం, పిల్లల చెయ్యి వదలం, ఫోన్లు సంచిలోనే ఉంటాయి. కూర్చుని చూస్తే కనిపించేదే ఎక్కువ. మైలవరం జలాశయం నీళ్ళు వెనక్కి తన్ని నిలబడినప్పుడు లోయ అడుగున నీళ్ళు పచ్చగా ఉంటాయి, సూర్యుడు పైకొచ్చేకొద్దీ అవతలి గోడ బూడిద రంగు నుంచి ఎరుపుకు, ఎరుపు నుంచి పసుపుకు మారుతూ పోతుంది. దీనికి అరగంట పడుతుంది. పావుగంటలో వెళ్ళిపోయేవాళ్ళు పోగొట్టుకునేది ఆ అరగంటనే.

అక్కడ కూర్చున్నప్పుడే మా పెద్దోడు కింద బండను చేత్తో తడుముతూ, 'అమ్మా, ఈ రాయికి అలలున్నాయి చూడు' అన్నాడు. నేను ఏదో అంటున్నాడులే అనుకున్నా. చూస్తే నిజమే. బండ పైన వరసగా సన్నటి గీతలు, నీళ్ళు కదిలినట్టు ఎత్తూ పల్లమూ, చేతికి స్పష్టంగా తగులుతున్నాయి. ఇంటికొచ్చి మా ఆయన చదివి చెప్పినాడు. ఆ బండలన్నీ ఒకప్పుడు ఇసుకే. నూరు కోట్ల ఏళ్ళకంటే ముందు ఈ కడప ప్రాంతమంతా లోతు తక్కువ సముద్రం, ఆ ఒడ్డు ఇసుకలో అలలు గీసిన గీతలు, పైన ఇంకా ఇంకా ఇసుక పడి, ఒత్తిడికి గట్టిపడి రాయైనా చెరిగిపోకుండా అట్లే ఉండిపోయినాయి. దేశమంతా ఇళ్ళల్లో వేసుకునే కడప బండలు కూడా ఈ పాత సముద్రం అడుగున పరుచుకున్నవే. మా వంటింటి గట్టు మీద వేసింది ఆ బండే. ఆ రోజు నుంచి పిల్లలిద్దరూ దాని మీద కూడా అలలు వెతుకుతున్నారు.

ఆ తర్వాతి నెల గండికి పోయినాం. వేంపల్లె దాటి పోతే శేషాచలం కొండలను చీల్చుకుంటూ పాపాఘ్ని నది బయటికొచ్చే చోటు. ఆంజనేయస్వామి గుడి ప్రసిద్ధి, శ్రావణ శనివారాల్లో కాలు పెట్టే చోటుండదు, కాబట్టి నడకకైతే ఆ నెల వద్దు. రాముడు లంక నుంచి తిరిగి వచ్చేటప్పుడు వాయుదేవుడు రెండు కొండలకూ బంగారు తోరణం కట్టి ఆహ్వానించినాడని, రాముడు బాణం మొనతో బండ మీద ఆంజనేయుడి రూపం గీసినాడని స్థలపురాణం. ఆ తోరణం ఇప్పటికీ కొందరికే కనిపిస్తుందట, కనిపించినవాళ్ళు ఎక్కువ కాలం బతకరట. 1800లో దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు కనిపించిందని, అందుకే ఆయన 1827లో పత్తికొండలో కలరాతో పోయినాడని మా అత్త చెబితే, పాప వెంటనే కళ్ళు మూసుకుంది. ఆకాశం వైపు చూడనంటే చూడనంది. కారు దగ్గరికి వచ్చేదాకా నేల చూపులే.

అట్లా నేల చూస్తూ నడవడం కూడా మంచిదే అయింది. వేంపల్లె చుట్టుపక్కల సున్నపు రాళ్ళలో ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా గుండ్రటి గీతలుంటాయి. ఆ పాత సముద్రంలో బతికిన కంటికి కనబడనంత చిన్న జీవులు, తరతరాలుగా ఒకదానిమీద ఒకటి పొరలు కట్టుకుంటూ పోతే ఏర్పడినవి. చేపలు లేవు, చెట్లు లేవు, పురుగులు కూడా లేవు, అవి మాత్రమే ఉన్న కాలం అది. నేను బీకాం చదివినదాన్ని, ఈ వయసులో ఒక రాయి ముందు ఇంతసేపు నిలబడతానని ఎప్పుడూ అనుకోలేదు. పిల్లలు ఏరి జేబుల్లో వేసుకోబోతే, చూసి తాకి అక్కడే పెట్టమని చెప్పినాం. కొంచెం ఏడుపులయినాయి.

ఇక మీరు అడగబోయే విషయాలు. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. శివరాత్రి దాటితే మా వైపు ఎండ సంగతి తెలుసు కదా, పిల్లలతో వద్దే వద్దు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నర, పదికి ముగించాలి. చెప్పులు కాదు, మూసుకున్న బూట్లు వేసుకోవాలి, పల్లేరుకాయలు ఒక్కసారి గుచ్చుకుంటే పాప ఆ రోజంతా ఎత్తుకోమంటుంది. గడ్డిలో నడిచేటప్పుడు ముందు నడిచేవాళ్ళ చేతిలో కర్ర ఉండాలి, నేల మీద తట్టుకుంటూ పోతే పాములు వాటంతట అవే పక్కకు పోతాయి. తినడానికి చిత్రాన్నం, పెరుగన్నం, బొరుగులు, ఉడకబెట్టిన చెనిక్కాయలు చాలు. పండగ దగ్గర్లో అయితే ఓళిగలు. దారిలో కొనుక్కుందామని పోవద్దు, తెల్లవారుజామున ఏమీ దొరకవు. లంకమల వైపు పోవాలనుకుంటే అది అభయారణ్యం, అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి అడుగు పెట్టకూడదు. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో మళ్ళీ కనిపించింది ఆ పొదల్లోనే. ఆ పిట్ట రాత్రిపూట తిరిగేది, దాని చోటు దానికి వదిలేద్దాం.

నీళ్ళ గురించి మాత్రం కొంచెం వివరంగా రాయాలి. మన ఏర్లు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కాబట్టి భయం ఉండదు, అదే ప్రమాదం. మన దగ్గర చినుకు పడకపోయినా పైన ఎక్కడో పడితే నీళ్ళొచ్చేస్తాయి. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ తెగినప్పుడు కింది ఊళ్ళకు ఏమైందో ఈ జిల్లాలో మర్చిపోయినవాళ్ళు లేరు. వానాకాలం రోజుల్లో ఏట్లోకి దిగొద్దు. ఇంకోటి, ఇసుక తోడిన గుంతలు. పోయిన ఏడాది ఒక చోట మోకాలి లోతు నీళ్ళే కదా అని పెద్దోడిని ఆడుకోనిచ్చినాం. రెండడుగులు వేసేసరికి ఛాతీ దాకా మునిగినాడు. మా ఆయన పక్కనే ఉండి రెక్క పట్టి లాగినాడు కాబట్టి సరిపోయింది. ఆ రోజు టెన్షన్ నాకు వారం దాకా తగ్గలేదు. అప్పటినుంచి పెద్దవాళ్ళు ముందు కర్రతో లోతు చూడందే పిల్లల కాలు తడవదు.

పుష్పగిరికి పోయింది ఆ తర్వాతే, మాఘమాసంలో. కడపకు దగ్గర, పదహారు కిలోమీటర్లంతే. కొండ మీద చెన్నకేశవస్వామి గుడి, గోడల నిండా శిల్పాలు, కింద పెన్న. హరిహరులిద్దరికీ క్షేత్రమని పేరు. మేం గుడి చూసుకుని మెల్లగా ఏట్లోకి దిగినాం. వెడల్పుగా తెల్లటి ఇసుక, ఒక పక్కన మాత్రం సన్నటి పాయ. దిగీ దిగగానే పెద్దోడు అరిచినాడు, 'అమ్మా! గండికోట రాయి!' పాయ పక్కన తడి ఇసుక మీద అవే గీతలు, అదే ఎత్తూ పల్లమూ. నిన్నో మొన్నో నీళ్ళు గీసి పోయినవి. వాడు వంగి చేత్తో తడిమి, 'ఇది కూడా రాయవుతుందా?' అని అడిగినాడు. అవుతుందో లేదో నాకు తెలీదు నాన్నా, చాలా చాలా కాలం పడుతుంది అన్నాను. 'అయితే తొక్కకుండా పోదాం' అని పాపను కూడా చుట్టూ తిప్పి తీసుకుపోయినాడు.

ఎండ పెరిగింది. బాటిల్లో నీళ్ళు అడుగంటినాయి. పాప దాహమంటే మా అత్త, 'ఏట్లో నిలబడి నీళ్ళు లేవంటారేందే' అని, పాయకు దూరంగా పొడి ఇసుక చూసి, చీర కుచ్చిళ్ళు దోపుకుని కూర్చుంది. చేతులతో తవ్వడం మొదలుపెట్టింది. మోకాళ్ళ నొప్పులని ఇంట్లో మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకునే మనిషి. పిల్లలిద్దరూ చెరో పక్కన చేరి తవ్వినారు. మోచేతి లోతుకు ఇసుక తడిబారింది, ఇంకో జానెడుకు అడుగున నీళ్ళు ఊరినాయి. మొదట బురదగా ఉంటే చేత్తో తోడి పోసింది, మళ్ళీ ఊరినాయి, మళ్ళీ తోడింది. నాలుగోసారికి అద్దంలా తేటగా వచ్చినాయి.

'జేజీ, ఈ నీళ్ళు యాడివి?' అన్నాడు పెద్దోడు.

'పెన్నమ్మవి నాయనా. చెలమ అంటారు దీన్ని. నా పెండ్లి కాకముందు మా ఊర్లో ఎండాకాలం మూడు నెలలు మేమంతా ఇవే తాగినాం. తెల్లారకముందే పోయి, ముంతతో ముంచి బిందె నింపుకోవాల. ఎవురైనా ముందొచ్చినోళ్ళుంటే, వాళ్ళు ముంచుకున్నంక మళ్ళా ఊరేదాకా కూసోవాల.'

మా పెండ్లయి పన్నెండేళ్ళు, ఈ మాట నేను ఒక్కసారి కూడా వినలేదు. మా ఆయన కూడా వినలేదట. కర్ణాటకలో నందికొండల వైపు పుట్టిన పెన్న, గండికోటకు ముందే దాంట్లో కలిసే చిత్రావతి, కర్నూలు వైపు నుంచి వచ్చే కుందూ, మేం గండి దగ్గర చూసిన పాపాఘ్ని కమలాపురం దగ్గర కలిసి, అన్నీ ఈ ఇసుక కిందుగానే పోతున్నాయని ఆయన పిల్లలకు ఇసుక మీద వేలితో గీసి చూపించినాడు. పాపకు చెలమ నీళ్ళు తాగించడానికి నాకు ధైర్యం చాలలేదు, బాటిల్లో మిగిలినవే తాపినాను. అత్త మాత్రం దోసిలితో మూడుసార్లు తాగింది. కళ్ళు మూసుకుని తాగింది.

బయల్దేరేటప్పుడు పెద్దోడు ఇసుక నెట్టి చెలమ పూడ్చబోతే ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. 'పూడ్చగూడదు. ఎనకొచ్చేటివి తాగుతాయి.' మేం గట్టెక్కేసరికి అవతలి ఒడ్డున మేకల మంద దిగుతోంది. పాప అక్కడే నిలబడిపోయింది. ఒక నల్లమేకపిల్ల మందను వదిలి వచ్చి, మా చెలమలో మూతి పెట్టిందాకా కదల్లేదు.