క్రీట్‌లో బీచ్ వదిలి కొండలకెళ్లిన రోజు

గ్రీస్‌లోని క్రీట్ దీవికి వెళ్తున్నామంటే అందరూ బీచ్‌ల పేర్లే చెబుతారు, ఎలఫొనీసి, బాలోస్, వాయి అంటూ. నాకూ అవి నచ్చాయి. కానీ ఎవరైనా నన్నడిగితే మాత్రం ఒక రోజు సముద్రానికి వీపు పెట్టి ప్సిలోరీటిస్ కొండల్లోకి వెళ్లమనే చెబుతాను. గ్రీకు పురాణాల్లో 'ఇదా' అనే పర్వతం ఉంటుందే, అదే ఇది. 2,456 మీటర్లు, దీవి మొత్తంలో ఇదే ఎత్తు. మేం శిఖరం ఎక్కలేదు, అదొక పూర్తి రోజు నడక. కారులో అనోయా ఊరి మీదుగా నీడా మైదానం దాకా, అక్కడి నుంచి గ్రీకు దేవుళ్ల రాజు జియస్ పెరిగాడనే గుహ దాకా, అంతే. మే నెల కాబట్టి కింద ఊళ్లలో చెమటలు, పైన కొండ నెత్తిన ఇంకా మంచు.

అక్క డ్రైవింగ్, నేను దారి చెప్పడం. హెరాక్లియన్ నగరం దాటి కాసేపు పోయాక ఆలివ్ తోటలు పలచబడతాయి, రోడ్డు మెలికలు మొదలవుతాయి, ఇక అక్కడి నుంచి మేకలు ఎక్కడ అడ్డం వస్తాయో చెప్పలేం. "ఫోన్ పక్కన పెట్టి రోడ్డు చూడవే" అని అక్క ప్రతి మలుపులోనూ అంటూనే ఉంది. దారిలో బోర్డుల మీద తూటాల చిల్లులు కూడా కనిపించాయి. కొండ ఊళ్లలో తుపాకీ పేల్చడం పాత అలవాటట.

అనోయాలో ఆగకుండా వెళ్లిపోవద్దు, దయచేసి. చూడ్డానికి మామూలు కొండ ఊరే, సిమెంటు ఇళ్లు, నల్ల చొక్కాల్లో కాఫీ తాగుతున్న పెద్దాయనలు, గుమ్మాల ముందు వేలాడదీసిన నేత బట్టలు. ఇంత పాత ఊళ్లో పాత ఇళ్లు ఎందుకు లేవా అని నాకు మొదట అర్థం కాలేదు. చౌక్‌లో ఒక రాతి పలక మీద చెక్కి ఉంది జవాబు. రెండో ప్రపంచ యుద్ధంలో క్రీట్ జర్మన్ల చేతిలో ఉన్నప్పుడు, 1944 ఆగస్టు 13న, జర్మన్ సైన్యాధికారి ముల్లర్ ఇచ్చిన ఆజ్ఞ అది: ఊరిని నేలమట్టం చెయ్యాలి, ఊళ్లోనూ చుట్టూ ఒక కిలోమీటరు లోపలా దొరికిన ప్రతి మగవాణ్నీ చంపెయ్యాలి. అదే ఏడాది ఏప్రిల్‌లో బ్రిటిష్ వాళ్లు, క్రీట్ యోధులు కలిసి క్రైపె అనే జర్మన్ జనరల్‌ని ఎత్తుకుపోయి, ఈ ఊరి మీదుగానే, ఈ కొండ దాటించి, దక్షిణ తీరం నుంచి ఈజిప్టుకి తీసుకెళ్లిపోయారు. ఆజ్ఞలో రాసిన నేరాల్లో అదీ ఒకటి. ఊరిని ఇల్లిల్లూ కూల్చేశారు. అంతకు ముందు తుర్కుల కాలంలోనూ ఈ ఊరు తగలబడింది. అన్నిసార్లు కట్టుకున్నారు! తమకి మరణశిక్ష వేసిన మాటల్నే రాతిలో చెక్కి ఊరి మధ్యలో పెట్టుకున్న జనాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు, అక్కడ చాలాసేపు నిలబడిపోయాను.

ఈ ఊళ్లోనే నీకోస్ క్సిలూరిస్ పుట్టిన ఇల్లు ఉంది, ఇప్పుడు కఫెనియోగా, అంటే కాఫీ కొట్టుగా నడుస్తోంది. 1967 నుంచి 1974 దాకా గ్రీస్‌లో సాగిన సైనిక పాలనకి ఎదురుతిరిగిన విద్యార్థులకి గొంతయిన గాయకుడు ఆయన, 1980లో చిన్న వయసులోనే పోయాడు. గోడల నిండా ఆయన ఫొటోలే. తినడానికి మేకమాంసం రసంలో ఉడికించిన మకరోనీ, పైన తురిమిన జున్ను. ఇంత తక్కువ సరుకులతో ఇంత రుచి ఎలా వస్తుందో.

అనోయా నుంచి నీడా మైదానం ఇరవై కిలోమీటర్ల పైమాటే. చెట్లు అయిపోయి రాయి మొదలవుతుంది, బూడిద రంగు సున్నపురాయి. ఈ రాయి పలకలు పలకలుగా ఊడొస్తుంది, అందుకే ఇక్కడి కాపరులు సున్నం, సిమెంటు ఏమీ లేకుండా గుండ్రటి గుడిసెలు కట్టగలిగారు. వాటిని మితాటా అంటారు. ప్రతి వరసనీ కింది వరస కంటే కాస్త లోపలికి జరుపుతూ పేరుస్తారు, పోనుపోను గోడే కప్పు అయిపోతుంది, నెత్తిన పొగ పోవడానికి ఒక కన్నం. మేం ఒకదాంట్లోకి వంగి దూరాం. బయట ఎండ మండుతుంటే లోపల చల్లగా ఉంది, జున్ను చెడకుండా ఉండాలంటే ఈ చల్లదనమే కావాలి మరి. నాకు ఆ రోజు అన్నిటికంటే నచ్చింది ఇదే, గుహ కంటే కూడా. దారిలోనే జోమింథోస్ అనే మినోవన్ (క్రీట్ ప్రాచీన నాగరికత) కాలపు పెద్ద కట్టడం తవ్వకాలూ ఉన్నాయి, దాదాపు 1,200 మీటర్ల ఎత్తున. అంటే మూడున్నర వేల ఏళ్ల కిందట కూడా ఇక్కడ రాయి పేర్చేవాళ్లు ఉన్నారన్నమాట.

మైదానం చేరేసరికి ఒక్కసారిగా పచ్చటి గడ్డి, చుట్టూ కొండలు, ఎటు చూసినా గొర్రెలే. అక్కడ నేల మీద బండరాళ్లు పేర్చి పడుకున్న మనిషి ఆకారం చేశారు. దగ్గరికి వెళ్తే ఉత్త రాళ్లు, పైకెక్కి చూస్తే మనిషి. అనోయా కోసం దీన్ని చేసింది కరీనా రేక్ అనే జర్మన్ కళాకారిణి, ఆమెతో కలిసి రాళ్లు మోసింది ఇక్కడి కాపరులు. కింద ఆ పలక చదివి వచ్చాక ఇది చూస్తే గొంతు పట్టేసింది.

గుహకి రోడ్డు చివర నుంచి కొంచెం ఎక్కాలి, ఆయాసం వస్తుంది కానీ కష్టం కాదు. పసివాడైన జియస్‌ని తండ్రి క్రోనస్ మింగేయకుండా ఇక్కడ దాచి పెంచారని, ఏడుపు బయటికి వినపడకుండా కురేటెస్ అనే వీరులు డాళ్లు మోగించారని కథ. పుట్టింది మాత్రం తూర్పున దిక్తి కొండ గుహలో అని అక్కడివాళ్లంటారు, ఆ పోటీ నడుస్తూనే ఉంటుంది. గుహలో చూడ్డానికి వస్తువులేమీ ఉండవు, పెద్ద నోరు, చీకటి, చలి, అంతే. ఇక్కడ తవ్వితే బయటపడ్డ క్రీ.పూ. 8వ శతాబ్దపు కంచు డాళ్లు హెరాక్లియన్ పురావస్తు మ్యూజియంలో ఉన్నాయి, కాబట్టి ముందు కొండకెళ్లండి, తర్వాత మ్యూజియం. ఆ వరసలో చూస్తేనే డాళ్ల మోత కథ, కంచు, గుహ మూడూ ఒకచోట కలుస్తాయి.

వెళ్లేవాళ్లు పెట్రోలు అనోయాలోనే పోయించుకోండి, పైన ఏమీ దొరకదు. మే నెలలో కూడా స్వెటర్ కావాలి. చలికాలంలో మంచు పడితే నీడా రోడ్డు మీద వెళ్లలేకపోవచ్చు, ఊళ్లో అడిగే బయల్దేరండి.