ఓవల్ మైదానంలో ఎండను బట్టి నడక

ముంబైలో ఫొటో వాక్ అంటే గేట్‌వే దగ్గరే మొదలవుతుందనుకున్నా. మమ్మల్ని మాత్రం తెల్లవారగానే చర్చ్‌గేట్ స్టేషన్ ఎదుట ఉన్న ఈరోస్ సినిమా హాలు దగ్గరికి రమ్మన్నారు. ఎందుకో కాసేపటికి అర్థమైంది.

అక్కడికి దగ్గర్లోనే ఉన్న ఓవల్ మైదానం ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. తూర్పున హైకోర్టు, రాజాబాయి టవర్. రెండూ 1878లో పూర్తయిన గోథిక్ (కోసు తోరణాలు, రాతి చెక్కడాల శైలి) కట్టడాలు. పడమటి వరసలో ఎక్కువగా 1930ల నాటి ఆర్ట్ డెకో (గుండ్రటి మూలలు, తిన్నటి గీతల శైలి) అపార్ట్‌మెంట్లు. 2018లో యునెస్కో ఈ రెండు వైపులనూ కలిపే ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే ఎండ మాత్రం రెంటికీ ఒకేసారి దక్కదు. పొద్దున అపార్ట్‌మెంట్ల ముఖాల మీద పడుతుంది, టవరేమో ఎదురెండలో నల్లగా ఉండిపోతుంది.

అందుకే ముందు పడమర వైపు నడిచాం. ఏటవాలు ఎండకి ఒక్కో సన్‌షేడ్ కింద సన్నటి నీడగీత. మూలల్లో గుండ్రంగా తిరిగిన బాల్కనీలు, ఓడ డెక్కు మీద ఉండేలాంటి రెయిలింగులు, గేటు పైన సిమెంటు అక్షరాల్లో బిల్డింగ్ పేరు. అసలు అందం ఈ చిన్న వాటిలోనే ఉంది. కొన్నిచోట్ల బాల్కనీలకి అద్దాలు బిగించేశారు. చూస్తే ప్రాణం ఉసూరుమంది. మెట్ల దగ్గర ఫొటో తీసుకుంటామంటే ఒక వాచ్‌మన్ సొసైటీ సెక్రటరీ పర్మిషన్ అడిగాడు. ఆయన తప్పేముంది, జనం కాపురముంటున్న ఇళ్లు కదా!

కెమెరా పైకెత్తితే బిల్డింగ్ వెనక్కి వాలినట్టు వస్తుంది. మైదానంలోకి వెనక్కి వెళ్లి, కెమెరా నిటారుగా పట్టుకుని తీసి, కింద ఎక్కువైన నేలని తర్వాత క్రాప్ చేసుకోవడం మేలు. సుమారు 85 మీటర్ల రాజాబాయి టవర్‌కైతే వేరే దారి లేదు.

మధ్యాహ్నం ఎండలో ఏం తీసినా చప్పగానే ఉంటుంది, భోంచేసి కూర్చున్నాం. నాలుగు దాటాక అదే మైదానంలో ఇటు తిరిగి నిలబడితే హైకోర్టు రాళ్ల మీదికి వెలుగొచ్చింది. పొద్దున కనబడని తోరణాల చెక్కడం అప్పుడు తేలింది.

చివరికి మెరైన్ డ్రైవ్. అక్కడి ఇళ్ల ముఖం సముద్రం వైపు కాబట్టి సాయంత్రమే బాగుంటాయి. ఉప్పుగాలికి కాంక్రీటు లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, పైపొర పెచ్చులూడుతుంది. రిపేర్ల పరంజా అడ్డమొస్తే విసుక్కోకుండా దాన్నీ ఫ్రేములోకి తీసుకోండి. సముద్రం పక్కన కట్టిన ఇంటి కథలో అదీ భాగమే. లెన్సు మీద ఉప్పు తుంపర చేరుతుంది, మెత్తటి గుడ్డ జేబులో ఉంచుకోండి.