గోడ కన్నా ముందు ఇసుక

మా కర్నూలుకు సముద్రం లేదు. కానీ 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకొస్తే నీళ్లు ఏం చేస్తాయో కళ్లారా చూసినోళ్లం. అందుకేనేమో, మొన్న విశాఖలో బీచ్ పక్క పార్కులో ఒరిగిపోయిన గోడ దగ్గర చానాసేపు నిలబడిపోయినా.

అల గోడను తోసి పడగొట్టడం తక్కువ. పునాది కింద ఇసుకను కోసుకుంటూ పోతుంది, గోడ తనకు తానే ముందుకు వాలుతుంది. పైన కొత్త సిమెంటు పూస్తే ఏం లాభం? అడుగున పెద్ద బండరాళ్లు పేర్చాలి, వెనక చేరిన నీళ్లు పోయేందుకు గోడలో రంధ్రాలు వదలాలి. ఓడరేవు కట్టలు అడ్డుపడి ఇసుక ఉత్తరానికి సాగదు కాబట్టి, తవ్వి తీసిన ఇసుకను తీరంలో పోస్తూనే ఉండాలి. ఇది ఏటా ఉండే ఖర్చు.

2014 హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. అట్లాంటి సాయం ప్రతి తుపానుకూ రాదు. కేంద్రం, రాష్ట్రాల మధ్య నిధుల పంపకం చెప్పే 15వ ఆర్థిక సంఘం విపత్తు నిధిలో 30 శాతం పునర్నిర్మాణానికి, 20 శాతం ముందస్తు నివారణకు కేటాయించమంది. నాకు బాగా నచ్చిన మాట అది. తుపాను తర్వాత బాగుచేసేటప్పుడు ఇళ్లు, రోడ్లు, కరెంటు ముందు. పార్కు వంతు చివర. అది న్యాయమే. అయితే ఆ చివరి వంతుకైనా అంచనా కాగితం సిద్ధంగా ఉండాలి కదా.

మా నది ఒడ్డు గోడలకూ, ఘాట్లకూ వానాకాలం రాకముందే పునాది తనిఖీ చేయించండని నగరపాలక సంస్థకు అర్జీ రాస్తున్నా. సంతకం పెట్టేవాళ్లు చెప్పండి.