గ్రాఫిక్స్ కార్డు కింద దాక్కున్న లాచ్

నిన్న తమ్ముడి పీసీలో గ్రాఫిక్స్ కార్డు మార్చాం. ముందు ప్లగ్ పీకేసి ర్యామ్ తీశాం. అది తేలికే. స్లాట్ (ర్యామ్ గుచ్చే గాడి) చివర దాన్ని కదలకుండా పట్టుకునే క్లిప్పు, అంటే లాచ్‌ని బయటి వైపు నొక్కితే, లాచ్ అడుగు భాగం ర్యామ్ మాడ్యూల్‌ని కింది నుంచి పైకి నెడుతుంది. డీడీఆర్4 రకం ర్యామ్‌లో 288 పిన్నులూ పట్టు వదిలేస్తాయి, మనం లాగక్కర్లేదు. ఎప్పుడు చూసినా నాకు ముచ్చటేస్తుంది.

అసలు టెన్షన్ గ్రాఫిక్స్ కార్డుతోనే. దాని లాచ్ స్లాట్ చివర, సరిగ్గా కార్డు కిందే ఉంటుంది. పక్కనే వేడిని లాగేసే పెద్ద లోహపు హీట్‌సింకు, వేలు దూరదు. చాలామంది స్క్రూడ్రైవర్ దూరుస్తారు. అది జారి మదర్‌బోర్డు (ఇవన్నీ గుచ్చే ప్రధాన బోర్డు) మీది సన్నటి రాగి గీతను తెంపిందంటే ఇక అంతే సంగతులు. మేం స్క్రూలు విప్పి, ప్లాస్టిక్ స్కేలుతో లాచ్ నొక్కాం. టక్‌మని వదిలాకే కార్డును రెండు చేతులతో నిటారుగా పైకి తీశాం.

ఈమధ్య ఆసుస్ కంపెనీ కొన్ని మదర్‌బోర్డుల్లో దీనికోసం విడిగా ఒక బటన్ పెడుతున్నారు. కార్డుకు దూరంగా, చేతికి అందేచోట ఉంటుంది. అది నొక్కితే కింద లాచ్ తెరుచుకుంటుంది. ఇది తక్కువ ధర బోర్డులకూ రావాలి. కష్టపడి దాచుకుని కార్డు కొనుక్కునేవాళ్లు ఎక్కువగా వాడేది అవే కదా.