నాతో నీకు పాలులేదు

చిన్నప్పుడు సండేస్కూల్లో యోహాను సువార్త 13వ అధ్యాయం, యేసు ఆఖరి రాత్రి శిష్యుల కాళ్లు కడిగిన కథ, చదివిన ప్రతిసారీ నాకు ఒకటే భయం. "నేను నిన్ను కడుగనియెడల నాతో నీకు పాలులేదు" అని ప్రభువు పేతురుతో అంటాడు కదా, మా ఇంట్లో అమ్మ రోజూ సాయంత్రం అనే మాటా అదే. ఆడుకుని వచ్చి గుమ్మం దాటబోతే "కాళ్లు కడుక్కుని రా, లేకపోతే పాలు లేవు పో" అనేది. పేతురు కూడా మట్టికాళ్లతో వచ్చి ఉంటాడనీ, గ్లాసుడు పాలు పోతాయన్న భయంతోనే "చేతులు, తల కూడా కడుగు" అన్నాడనీ చాలా ఏళ్లు నిజంగానే అనుకున్నాను. నవ్వకండి.

ఇప్పుడు నాకు 27 ఏళ్లు. గుంటూరు వదిలి ఉత్తర థాయ్‌లాండ్‌కి, చియాంగ్‌మై దగ్గరికి సేవకి వచ్చి రెండేళ్లు దాటింది. మళ్లీ శ్రమదినాలు వచ్చాయి, ఏప్రిల్ 2న పెద్ద గురువారం, ఆ ఆఖరి రాత్రిని తలుచుకునే రోజు. ఊళ్లో స్నేహితులు అప్పుడే పాదపరిచర్య ఏర్పాట్ల గురించి మెసేజ్‌లు పెడుతున్నారు, గుడిలో అయ్యగారు పన్నెండుమంది కాళ్లు కడిగే ఆరాధన అది. కొత్త తువాళ్లు ఎన్ని కొనాలి, కెమెరా ఎక్కడ పెట్టాలి, ఆ పన్నెండుమందిలో ఎవరెవరు ఉండాలి. చదువుతుంటే నాకు కొంచెం కోపం, చాలా సిగ్గు వచ్చాయి. సిగ్గు ఎందుకంటే నేనూ ఒకసారి ఆ పన్నెండుమందిలో కూర్చున్నాను. ఇంటి దగ్గర సబ్బుతో రుద్ది కడుక్కుని, గోళ్లు తీసుకుని, కొత్త సాక్సులు వేసుకుని వెళ్లాను. అయ్యగారు స్టీలు మగ్గుతో నాలుగు చుక్కలు పోశారు, తువాలు అలా ఆనించారు, అయిపోయింది. ఆయన కడగడానికి నా కాళ్ల మీద ఏమీ మిగల్చలేదు మరి. మురికి ఇంట్లోనే వదిలేసి వచ్చి "ప్రభువా, కడుగు" అంటే ఏం కడుగుతాడు?

సరే, పాలు దగ్గరికి వస్తా. పాలంటే వాటా అని మనందరికీ తెలుసు, కానీ ఆ మాట ఎంత లోతుగా దిగిందో మనం ఆగి చూడం. అన్నదమ్ములు పొలం పాళ్లు వేసుకుంటారు. దాయాదుల్ని పాలివాళ్లంటాం. వాటాకి సేద్యం చేసేవాడు పాలికాపు. కష్టంలో ఆదుకున్నవాణ్ణి నా పాలిట దేవుడు అంటాం. పోయిందాన్నేమో నేలపాలు, నీళ్లపాలు అంటాం. పేతురు ఆ నీళ్లపాలు కూడా కాబోయినవాడే, గాలి చూసి భయపడి మునుగుతుంటే ప్రభువు చెయ్యి పట్టి పైకి లాగాడు. అంతకుముందే వలలు వదిలాడు, ఇల్లు వదిలాడు, వెంట తిరిగాడు. ఇంత చేసినవాడితో, ఆ ఆఖరి రాత్రి, భోజనం దగ్గర, "నీకు నాతో పాలులేదు" అని మొహం మీద చెప్పడమేంటి?

నాకు అర్థమైంది ఇదీ. చేసిన పనికి దొరికేది కూలి. పాలు కూలిగా రాదు. జీతగాడు పొద్దున్నుంచి చాకిరీ చేసి సాయంత్రం డబ్బులు తీసుకుని వెళ్తాడు, కొడుకు ఊరికే కూర్చున్నా వాడి పాలు వాడికి ఉంటుంది. పేతురు జీతగాడి లెక్కలో ఉన్నాడు. నేను నీకు చెయ్యాలి గానీ నువ్వు నాకు చెయ్యడమేంటి, "నీవెన్నడును నా పాదములు కడుగరాదు" అన్నాడు. చూడ్డానికి వినయంలాగే ఉంటుంది. మన ఇళ్లల్లో కూడా పెద్దవాళ్లు పొరపాటున మన కాలు తాకితే ఉలిక్కిపడి వెనక్కి లాక్కుంటాం, పాపం తగులుతుందని. పేతురు మన గుంటూరు మనిషిలాగే ఉంటాడు నాకు. కానీ ఆ వినయం లోపల ఒక పొగరు ఉంది, నేనెప్పుడూ ఇచ్చేవాణ్ణే అనే పొగరు. సేవకుడికి పట్టే రోగాల్లో ఇదే పెద్దది. నాకు పట్టింది కాబట్టి చెబుతున్నాను. అదే గదిలో ప్రభువుని పట్టించబోయే యూదా కూడా ఉన్నాడు, మారుమాట లేకుండా కాళ్లు చాపే ఉంటాడు. దాని గురించి ఇంకోసారి రాస్తాను, రాత్రి నిద్ర పట్టదు ఆలోచిస్తే.

పోయిన ఏడాది, 2025లో, మట్టల ఆదివారం, అంటే ఈస్టర్‌కి ముందు ఆదివారం, సరిగ్గా ఏప్రిల్ 13న పడింది. ఆ రోజే ఇక్కడ సోంగ్‌క్రాన్ మొదలు. సోంగ్‌క్రాన్ అంటే మన సంక్రాంతి మాటే. మనకి సూర్యుడు మకరంలోకి వెళ్తే పండుగ, వీళ్లకి మేషంలోకి వెళ్తే పండుగ, కొత్త సంవత్సరం కూడా. వీళ్ల లెక్కలో బుద్ధ శకం 2568 అప్పుడు. బయటివాళ్లకి తెలిసిన సోంగ్‌క్రాన్ అంతా నీళ్లే. చియాంగ్‌మై పాత ఊరి చుట్టూ ఉన్న కందకంలోంచి బకెట్లతో తోడి పోస్తారు, ట్రక్కుల్లో డ్రమ్ములు పెట్టుకుని ఐసు నీళ్లు విసురుతారు, ఎవరో పరిగెత్తుకుంటూ వచ్చి బుగ్గలకి తెల్ల సుద్ద రాసేసి పోతారు. మన పెళ్లిళ్లలో వసంతాలు చల్లుకోవడం ఊరంతటికీ అంటుకుంటే ఎలా ఉంటుందో అలా. ఎండ మండిపోతుంది, అడవులు కాల్చిన పొగ ఇంకా పూర్తిగా పోదు, అందుకని ఆ నీళ్లు హాయిగానే ఉంటాయి. ఫోను తడవనంతవరకు.

నేనేం చేశానో చెప్పనా? తలుపేసుకున్నాను. నేనుండేది కొండ ఊళ్ల పిల్లల హాస్టల్ పైన ఒక గది. వేసవి సెలవులు, పిల్లలంతా కొండల మీదికి వెళ్లిపోయారు. రోజూ అయితే పొద్దున్నే వాళ్లకి జిగురన్నం పొట్లాలు పంచడం, తర్వాత భాష క్లాసు, మధ్యాహ్నం ఇంగ్లిషు చెప్పడం, సాయంత్రం గిటారు, రాత్రి వాక్యం. వాళ్లు నన్ను ఖ్రూ అంటారు. మన గురువే, ఇక్కడికొచ్చేసరికి అలా అయింది. పిల్లలు లేకపోయేసరికి ఇల్లంతా బావురుమంటోంది. ఇచ్చే పని లేనప్పుడు నేనెవర్నో నాకే తెలియలేదు. ఆదివారం ఆరాధనకి మట్టలు పట్టుకుని వెళ్తుంటే సందు చివర ముగ్గురు పిల్లలు బకెట్ ఎత్తి నా వైపు చూశారు. నేను చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నాను. వాళ్లు మర్యాదగా బకెట్ దించేశారు. ఆ దించడం ఇప్పటికీ గుర్తుంది.

మరుసటి రోజు మా గుంటూరువాళ్ల గ్రూపులో గొడవ. నేను పెట్టిన ఒక ఫోటో వెనక ఎవరో నీళ్లు చల్లుకుంటున్నారు, "విగ్రహాల పండుగలో నీకేం పని తమ్ముడూ" అని ఒక అన్న నిలదీశారు. విగ్రహాలకి స్నానం చేయించే చోటికి నేను వెళ్లను, వెళ్లలేదు, అది వేరే సంగతి. కానీ ముసలివాళ్ల చేతుల మీద నీళ్లు పోసి దీవెన అడగడంలో విగ్రహం ఎక్కడుంది? ఇక్కడి క్రైస్తవ సంఘాలు కూడా గుడిలోనే పెద్దల్ని కూర్చోబెట్టి అది చేస్తాయి. నేను వేడివేడిగా జవాబు టైపు చేస్తుంటే వంట చేసే అక్క చూసి, ఇవాళ పండుగ రెండో రోజు, వాన్ నావ్, ఇవాళ ఎవర్నీ తిట్టకూడదు, తిడితే నోరు కుళ్లుతుందంటారు అని నవ్వింది. చెరిపేశాను. నమ్మి కాదు, సిగ్గేసి.

మంగళవారం 15వ తేదీ. ఉత్తరాదివాళ్లకి ఇదే అసలు రోజు, ఫయా వాన్ అంటారు. ఆ రోజు పెద్దలకి 'దమ్ హువా' చేస్తారు. దమ్ హువా అంటే తల కడగడం. తలంటు! నాకా మాట అర్థం తెలిసింది అప్పుడే. మా పాస్టర్ గారు నన్ను బండెక్కించుకుని గంటన్నర దూరంలో ఉన్న ఒక పల్లెకి తీసుకెళ్లారు. అక్కడ సంఘంలో ఒక ముసలావిడ ఉంది, అందరూ మేఉయ్ అంటారు, అమ్మమ్మో నాయనమ్మో అన్నట్టు. మేం వెళ్లేసరికి బొగ్గుల పొయ్యి మీద ఏవో ఎండు కాయలు కాలుస్తోంది. మెట్లెక్కుతుంటేనే ఆ వాసన తగిలింది, నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

సీకాయ.

నిజంగా సీకాయే. వీళ్లు సోంపోయ్ అంటారు. ఆదివారం పొద్దున మా అమ్మమ్మ నా రెండు కాళ్లూ తన మోకాళ్ల మధ్య ఇరికించి, కళ్లలో పడుతోందని నేను అరుస్తుంటే వినకుండా రుద్దేసే ఆ వాసన. గుడికి వెళ్లే ముందు తలంటు తప్పదు మా ఇంట్లో. ఆవిడ పోయి ఆరేళ్లయింది. కాల్చిన కాయల్ని తుంచి వెండిగిన్నెలో నీళ్లలో వేసింది మేఉయ్, పైన కుసుమ పూల రేకులు చల్లింది, నీళ్లు పసుపుపచ్చగా తిరిగాయి. తర్వాత చాప మీద కూర్చుని రెండు చేతులూ దోసిలిలా ముందుకి చాపింది. అంతే. ఏ మొహమాటం లేదు, అయ్యో నాకెందుకు అనడం లేదు. నేను వంగి ఆ చేతుల మీద నీళ్లు పోశాను. ఆవిడ వేళ్లు గిన్నెలో ముంచి తన తెల్లజుట్టు మీద తానే తట్టుకుంది, తట్టుకుని నా కోసం ప్రార్థన చేసింది. యాసలో సగం అర్థం కాలేదు. 'ఇతన్ని కన్నతల్లి' అన్న మాట మాత్రం రెండుసార్లు వినబడింది.

ఇంటికొచ్చి యోహాను తీశాను. "నా పాదములు మాత్రమే గాక నా చేతులు నా తల కూడ." చేతులూ తలా! పేతురు తనకి తెలియకుండానే అడిగింది ఇదే కదా అనిపించింది. వ్యాఖ్యానం అని ఎవరూ ఒప్పుకోకపోవచ్చు, నాకైతే ఆ రాత్రి చాలింది.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. చియాంగ్‌మైకి మొదట వచ్చిన మిషనరీ డేనియల్ మెక్‌గిల్వరీ, 1867లో. వచ్చి ఏడాదికి పైగా భార్యాపిల్లలతో ఊరి బయట ఒక సత్రంలో ఉన్నాడు, ఇంకొకరు కట్టించిన సత్రం. మరుసటి ఏడు ఆగస్టు 18న సూర్యగ్రహణం పడుతుందని వారం ముందే చెబితే, అది అలాగే పట్టేసరికి నాన్ ఇంటా అనే పండితుడు కదిలి మొదటి విశ్వాసి అయ్యాడు. అదే గ్రహణాన్ని మా గుంటూరులో కూర్చుని జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చూశాడు, హీలియం అనే వాయువుని కనిపెట్టిన కథకి మొదలు అదే. మా ఊరికీ ఈ ఊరికీ ఆ చుట్టరికం ఉందని తెలిసి గంతులేశాను. కానీ ఇప్పుడు నాకు గ్రహణం కంటే ఆ సత్రమే ఎక్కువ గుర్తొస్తుంది. చెప్పడానికి వచ్చినవాడు ముందు ఇంకొకరి కప్పు కింద తలదాచుకున్నాడు.

ఇక ఆ వారం పెద్ద గురువారం. ముప్పైమంది ఉంటారేమో, ప్లాస్టిక్ కుర్చీలు అర్ధచంద్రంలా వేశారు. నేను చొక్కా చేతులు మడిచి రెడీగా నిలబడ్డాను, కడగడానికి. పాస్టర్ గారు కుర్చీ చూపించి కూర్చో అన్నారు. ఇక్కడ తల చాలా గొప్పది, కాళ్లు చాలా నీచం, ఎవరివైపైనా కాలు చాపితే అవమానం. అలాంటి చోట ఆ మేఉయ్ బేసిన్ పట్టుకుని, నా కుర్చీ చెయ్యి ఊతంగా పట్టుకుని, మోకాలు కటుక్కుమంటుంటే నా ముందు కిందికి దిగింది. ఎర్రమట్టి రోడ్డు మీద చెప్పులతో బండి తోలుకుంటూ వచ్చిన కాళ్లు నావి. మడమలు పగిలి ఉన్నాయి, బొటనవేలి గోరు సందులో పండుగ నాటి సుద్ద ఇంకా ఉంది. "వద్దు మేఉయ్, వద్దు" అని రెండు కాళ్లూ కుర్చీ కిందికి లాగేసుకున్నాను.

ఆవిడ తలెత్తనైనా లేదు. "ఊరికే కూర్చో ఖ్రూ" అంది.

ఊరికే కూర్చున్నాను. దోసెడు దోసెడు నీళ్లు పోసి, గిన్నె తోమినట్టు బొటనవేలితో మడమ రుద్దింది. అవీ సీకాయ నీళ్లే. గళ్ల తువాలుతో వేళ్ల సందులు కూడా తుడిచింది, "రాత్రిపూట నూనె రాయి" అంది. చుట్టూ పాట అవుతోంది, నాకు గొంతు పెగల్లేదు.

అందుకే అడుగుతున్నాను, ఈసారి గురువారం ఇంట్లో కాళ్లు కడుక్కోకుండా రండి. పొలం నుంచి వచ్చేవాళ్లు పొలం నుంచే రండి, ఆటో నడిపేవాళ్లు ఆటో పక్కన పెట్టి అలాగే రండి. పన్నెండుమందిని కమిటీలోంచి ఏరకండి. గుడి ఊడ్చే అమ్మని కుర్చీలో కూర్చోబెట్టండి, ఆమె వద్దంటే బతిమాలండి. అయ్యగార్లూ, మీకు కూడా దండం పెట్టి చెబుతున్నా, ఒక్కసారి మీరు కూర్చోండి. వాచ్‌మన్ తాత మీ కాళ్లు కడగనివ్వండి. కెమెరా ఆపేయండి. నీళ్లు సరిపడా పోయండి, నేల తడిస్తే తడిసింది, తర్వాత అందరం కలిసి తుడుద్దాం. ఇంటికెళ్లాక మీ అమ్మకో అత్తగారికో పాదాలకి నీళ్లు పోయండి, ఆమె మీకు అన్నం పెడితే లేచి పళ్లెం లాక్కోకుండా పెట్టించుకుని తినండి.

మేఉయ్ ఆ రోజు నాకు కాగితంలో చుట్టి కొన్ని కాయలిచ్చింది. మీ భాషలో ఏమంటారంది. సీకాయ అన్నాను. 'సీ' అంటే వాళ్ల భాషలో నాలుగు. కాయల్ని వేలితో లెక్కపెట్టి, "నాలుగు కాదు, పదకొండున్నాయి" అంది. అమ్మకి ఫోన్ చేసి చెబితే అంతా విని, "మరి కుంకుడుకాయలు దొరకవా అక్కడ? ఎవరైనా వస్తుంటే పంపిస్తా" అంది. వద్దు అనబోయాను. పంపించమ్మా అన్నాను.