మూతలేని సీసా

సలేశ్వరం జాతరకు పోతుంటే, నల్లమల అడవిలోని ఫరహాబాద్ గేటు దగ్గర అటవీ శాఖ వాళ్లు మా జీపు ఆపి సంచులన్నీ విప్పించారు. పక్కన ప్లాస్టిక్ సీసాల కుప్ప అప్పటికే మోకాలెత్తు పెరిగింది. మా బావమరిది మారు మాట్లాడకుండా తన రెండు సీసాలూ ఇచ్చేశాడు. నేను మాత్రం ఒకటి తువ్వాలులో చుట్టి సంచి అడుగున దాచాను. ఏప్రిల్ ఎండ, కొండ దారి, పైగా బీపీ. ఆ పూట అబద్ధమాడటానికి ఇన్ని కారణాలు చాలనిపించింది.

సలేశ్వరం లింగమయ్య దర్శనం ఏడాదికి ఒక్కసారే, చైత్ర పౌర్ణమికి అటూ ఇటూగా కొద్ది రోజులు. మిగతా రోజుల్లో అదంతా అడవి సొంతం. అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. దాని మీదుగా వెళ్లే శ్రీశైలం రోడ్డు మీదే రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు, ఇక లోపలి సంగతి చెప్పేదేముంది! మా జీపులో ఒకాయనకు మాత్రం సలేశ్వరం నీటి గుండం పక్కన పౌర్ణమి వెన్నెల చూడాలని కోరిక. డ్రైవరు నవ్వి ఊరుకున్నాడు.

రాంపూర్ పెంట దగ్గర దిగాం. అక్కణ్ణుంచి నడకే. మా వైపు పెంట అంటే చెత్తకుప్ప, నల్లమలలో పెంట అంటే చెంచుల గూడెం. చిన్న చిన్న ఇళ్లు, ఊడ్చి పెట్టిన వాకిళ్లు. ఆ వాకిళ్ల ముందు మావాళ్లు పారేసిన కాగితపు గ్లాసులు చూశాక, ఆ మాటకు మా వైపు అర్థాన్ని ఇక్కడికి మోసుకొచ్చింది మేమేనని అర్థమైంది.

ఒక గుడిసె ముందు పిల్లను ఎత్తుకుని ఒకావిడ నిలబడి ఉంది. అడగకుండానే ఫోన్ ఎత్తాను. కొంగు ముఖం మీదికి లాక్కుని లోపలికి వెళ్లిపోయింది. శ్రీశైలం మల్లన్నను చెంచులు తమ అల్లుడంటారు. ఆ లెక్కన ఇక్కడ ఇంటివాళ్లు వాళ్లు, మేం చుట్టాలం. చుట్టాల ఇంటికి పోయి గడపలోనే ఫొటో తీస్తే ఎవరు ఊరుకుంటారు?

దారి సన్నం. ఒక పక్క బండ, ఒక పక్క లోయ. "వత్తున్నం వత్తున్నం లింగమయ్యా" అని ముందువాళ్లు అరిస్తే కొండ తిరిగి అంటుంది. కాలికింద ఎండుటాకులు గలగలమంటున్నాయి. నా ముందు నడుస్తున్నాయన బీడీ ముట్టించాడు. ఎక్కణ్ణుంచి వచ్చాడో, చెంచు కుర్రాడొకడు, అడవి కాపలా వాచరట, ఆ బీడీ చేతిలోంచి తీసుకుని బండకు రుద్ది ఆర్పి, తన జేబులోనే వేసుకున్నాడు. ఒక్క మాట అనలేదు. ఆ ఎండుటాకుల్లో ఒక్క నిప్పురవ్వ పడితే చాలు.

దిగేసరికి మోకాళ్లు వణుకుతున్నాయి. రెండు కొండల నడుమ ఎత్తునుంచి నీళ్లు పడుతున్నాయి. పెద్ద ధార కాదు, కానీ చల్లదనం ఎముకల్లోకి దిగింది. గుహలో లింగమయ్య, పూజ చేసేది చెంచులే. తోపులాటలో దర్శనం రెండు క్షణాలు. నిజం చెప్పాలంటే నాకు దర్శనం కన్నా ఆ నీళ్లే ఎక్కువ గుర్తున్నాయి. దానిలో తప్పేముందో నాకు తెలియదు, నీళ్లు కూడా ఆయనవే కదా.

గుండంలో మాత్రం చూడలేకపోయాను. షాంపూ ప్యాకెట్లు చింపి తల రుద్దుకుంటున్నారు. తెల్లటి నురగ బండల సందుల్లోకి పోతోంది. ఒడ్డున బండ మీద కూర్చున్న చెంచు ముసలాయనతో, "తాతా, వద్దని చెప్పరా మీరు?" అన్నాను.

"చెప్తం బిడ్డా. సగం మంది ఇంటరు." కాసేపాగి గుండం వైపు చెయ్యి చూపించాడు. "మీరు పోయినంక కూడా అవి ఎమ్మటే రావు. సబ్బు వాసన పోయేదాక దుప్పులు పైన్నే నిలబడ్తయ్. దూప మీద్నే నిలబడ్తయ్. ఎండల కాలం, నీళ్లు ఇంకేడున్నయ్?"

నాకు గొంతెండింది. ఆయన ముందు సీసా తీయడానికి సిగ్గేసి, పక్కకు తిరిగి తువ్వాలు విప్పాను. చేతులు తడిగా ఉన్నాయేమో, మూత జారి గుండంలో పడింది. నీలం రంగు మూత. మోకాలి లోతు నీళ్లలో వంగి బండల మధ్య వెతికాను. బావమరిది కూడా వచ్చి వెతికాడు. అన్ని కాళ్ల కింద బురద లేచి ఏమీ కనబడలేదు. "పోనీ బావా, మూతే కదా" అన్నాడు. మూతే.

తిరుగు దారిలో "పోతున్నం పోతున్నం లింగమయ్యా" అని అందరూ అంటుంటే నేనూ గొంతు కలిపాను. ఎక్కేటప్పుడు ఆయాసం ఎక్కువై మధ్యలో రెండుసార్లు కూర్చున్నాను. కూర్చున్నచోట పడి ఉన్న షాంపూ ప్యాకెట్లు ఏరి సీసాలో కుక్కాను, ఇరవై దాకా పట్టాయి.

గేటు దగ్గర పొద్దున్న సంచులు వెతికిన కుర్రాడే ఉన్నాడు. జీపు దిగి వెళ్లి సీసా చేతికిచ్చాను. పొద్దున్న దాన్ని ఎక్కడ దాచానో అడుగుతాడనుకున్నాను. వాడు సీసాను ఎత్తి లోపలి ప్యాకెట్లు చూసి, తిప్పి నా వైపు చూశాడు.

"మూతేదన్నా?"