ఆమె ఒక్కసారి కూడా కూర్చోలేదు

బిల్లింగ్ లైన్‌లో నిలబడి ఉంటే, పైన స్క్రీన్ మీద ఆ సూపర్‌మార్కెట్ వాళ్ల పండగ యాడ్ మళ్లీ మళ్లీ వస్తోంది. నాలుగోసారికి గమనించాను. అమ్మగా వేసినామె ఒక్క షాట్‌లో కూడా కూర్చోలేదు.

సరుకులు మోస్తుంది, ఇల్లు తుడుస్తుంది, వండుతుంది, వడ్డిస్తుంది. నాన్న సోఫాలో ఉంటాడు. చివర్లో ఒక ముద్ద తిని "సూపర్" అంటాడు. ఆమె కళ్లు మెరుస్తాయి, పండగంతా ఆ ఒక్క మాట కోసమే చేసినట్టు. కూతురు ప్లేట్లు అందిస్తుంటే కొడుకు ఆడుకుంటూ ఉంటాడు. అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఇదే.

పక్క ట్రాలీలో కూర్చున్న పిల్లాడు కళ్లార్పకుండా చూస్తున్నాడు.

ఆడవాళ్లంటే ఇలా, మగవాళ్లంటే ఇలా ఉండాలనే హాని చేసే మూసలు ప్రకటనల్లో ఉండకూడదని బ్రిటన్‌లో 2019 జూన్ నుంచి నిబంధన ఉంది. ఆడవాళ్లు ఇంటిపని చేస్తున్నట్టు చూపించడం తప్పని అది అనదు. ఇంట్లోవాళ్లంతా చిందరవందర చేసి, మగాయన కాళ్లు చాపుకుని కూర్చుంటే, శుభ్రం చేయడం ఆమె ఒక్కదాని పనే అన్నట్టు చూపిస్తే కుదరదంటుంది. ఈ తేడా నాకు చాలా ముఖ్యం. నాకూ వంటంటే ఇష్టమే. దాన్ని నా ఒక్కదాని బాధ్యత చేస్తేనే కష్టం.

ఆ యాడ్ తీసినవాళ్లు అమ్మకు థాంక్స్ చెబుతున్నామనే అనుకుని ఉంటారు. మరి ఆ థాంక్స్ చెప్పేవాళ్లలో ఒక్కరైనా లేచి గిన్నె తీయొచ్చు కదా!

ఇంటికొచ్చి సంచులు కింద పెట్టాను. అలవాటుగా నేనే విప్పబోయి ఆగాను. "అందరూ రండి, కలిసి సర్దుదాం" అని పిలిచాను. మా అబ్బాయే ముందొచ్చాడు.